సెలవు రోజున మింగిన మాత్ర

నేను ఒక మాత్రను. తెల్లగా, గుండ్రంగా, కందిగింజ కంటే కాస్త పెద్దగా ఉండేదాన్ని. ఉండేదాన్ని అనడమే సబబు, ఎందుకంటే ఇప్పుడు నాకు ఆకారం లేదు. నాలో మందు అనదగినది చాలా స్వల్పం. ఒక గ్రామును నాలుగు వేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. మిగిలినదంతా పాలచక్కెర, గంజిపిండి. మనుషుల వేళ్లు పట్టుకోవడానికి వీలుగా నాకు కట్టిన ఒళ్లు అది. అసలు నేనైన ఆ భాగాన్ని విడిగా అరచేతిలో వేస్తే మీ ఊపిరికే ఎగిరిపోతుంది. అయినా ఒక మనిషి గుండె కొట్టుకునే తీరును మార్చడానికి అది చాలు. ఆ గుండెను ఆపడానికి అలాంటివి మరికొన్ని చాలు.

బెదిరించడానికి ఈ మాట అనలేదు. నా కథంతా ఆ రెండు వాక్యాల మధ్యనే జరిగింది కనుక ముందే చెప్పాను.

నా మూలం ఒక మొక్క. చల్లని దేశాల్లో, గంటల్లాంటి పూలతో, మోకాలెత్తుకు మించి పెరుగుతుంది. దాని ఆకు మేసిన పశువు చస్తుందని అక్కడి రైతులకు తెలుసు. అదే ఆకు కషాయం ఉబ్బిన కాళ్లను తగ్గిస్తుందని అక్కడి ముసలమ్మలు కొందరికి తెలుసు. ఇద్దరు చెప్పిందీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య దూరమెంతో కొలవడానికి వైద్యులకు వందేళ్లకు పైగా పట్టింది. కొలిచి చూస్తే తేలిందేమిటంటే, ఆ దూరం మిగతా మందుల్లో ఒక వీధంత వెడల్పుంటే నా విషయంలో ఒక గడపంత.

ఎండిన ఆకు నుంచి పొడిగా మారి, సముద్రం దాటి, ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీకి చేరాను. తలకు టోపీలు, ముక్కుకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు నన్ను పిండిలో కలిపారు. యంత్రం ఒక్క పోటుతో నాకు రూపమిచ్చింది. మమ్మల్ని పదేసి చొప్పున వెండిరంగు రేకులో మూసి, వెనక ఒక ఎర్రగీత అచ్చువేశారు. వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదని ఆ గీతకు అర్థం. చదివేవాళ్ల కోసం ఎదురు చూడటం తప్ప అచ్చులో ఉన్న గీత మరేమీ చెయ్యలేదు.

నేను చేరిన ఊరు గోదావరికి దగ్గర్లోని ఒక బొగ్గుగనుల పట్నం. అక్కడ ఒక మెడికల్ షాపులో ఆరు వారాలు చీకటి డబ్బాలో ఉన్నాను. ఒక బుధవారం పొద్దున్నే అరవై నాలుగేళ్ల మనిషి వచ్చి ఖాళీ అట్ట ఒకటి చూపించాడు.

"గివే గోలీలు ఇయ్యి."

"చీటీ ఉన్నదా బాపూ?"

"అట్ట ఉండంగ చీటీ ఎందుకయ్యా? నీకు చదువచ్చు గద?"

షాపతనికి చదువొచ్చు. పేరు చదివి మమ్మల్ని ఇచ్చేశాడు. ఎర్రగీత మీద అతని బొటనవేలు ఉంది.

కొన్న మనిషి పేరు ఓదెలు. ముప్పై ఒక్క ఏళ్లు గనిలో పంపు నడిపి విరమించినవాడు. మూడు నెలల కిందట ఆయన గుండె అడ్డదిడ్డంగా పరుగెత్తడం మొదలుపెట్టి, కాళ్లు ఉబ్బి, నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. పట్నంలోని పెద్ద దవాఖానలో నస్రీన్ అనే డాక్టరు ఆయనకు మా జాతి మాత్రను రాసింది. రోజుకొకటి, వారానికి ఐదు రోజులు. మందుల చీటీలో శని, ఆదివారాల గడుల్లో అడ్డంగీతలు కొట్టి, "ఈ రెండు రోజులూ వద్దు" అంది. ఎందుకు వద్దో చెప్పలేదు. గది బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు.

మూడో నెలకని దవాఖాన ఇచ్చిన మాత్రలు ఓదెలుకు మూడు వారాలకే అయిపోయాయి. అందుకే ఆయన షాపుకు వచ్చాడు. అందుకే నేను ఆయన ఇంటికి వెళ్లాను.

కాలనీ వెనక బస్తీలో రెండు గదుల రేకుల ఇల్లు అది. గోడ అర మీద ఆయన గని టోకెను ఉండేది, నంబరు చెక్కిన గుండ్రటి ఇత్తడి బిళ్ల. దాని పక్కనే మా అట్ట. నాలుగు రోజులు అక్కడ ఉండి ఆ ఇంటి మాటలన్నీ విన్నాను. రోజూ ఉదయం మాలో ఒకరు వెళ్లేవారు. బుధ, గురు, శుక్ర. శనివారం కూడా. ఐదోదాన్ని నేను. నా వంతు ఆదివారం వచ్చింది.

ఆ ఉదయం ఆయన భార్య సారక్క చాయ్ గిన్నె దించుతూ అంది: "ఇయ్యాల ఐతారం. గోలి వద్దన్నది గద డాక్టరమ్మ."

"ఐతారం డాక్టరమ్మకు. నా గుండెకు ఐతారమేంది?"

"నిన్న సుత ఇట్లనే అన్నవు. గీతలు కొట్టిచ్చింది గదయ్యా."

"ఆఫీసోళ్ల లెక్కనే అది. రెండు దినాలు వాళ్లు కుర్చీల కూసోరు. అందుకే గీత కొట్టింది. పంపుకు ఐతారముంటదా? ఐతారం పంపు ఆపితే సోమారం ఏమైతదో నీకెర్క లేదా?"

సారక్కకు ఎరుకే.

అదేమిటో మీకూ తెలియాలి. బొగ్గు గనిలో ఆదివారం సెలవు. బొగ్గు తవ్వేవాళ్లు, మోసేవాళ్లు పైనే ఉంటారు. నీటికి మాత్రం సెలవు లేదు. గోడల్లోంచి, కప్పులోంచి అది ఊరుతూనే ఉంటుంది, పల్లపు గుంతలోకి చేరుతూనే ఉంటుంది. ఆ గుంతను సంపు అంటారు. పంపు మనిషి ఆదివారమూ దిగాలి. సెలవు నాటి ఆ పనికి అక్కడ ప్లే డే అని పేరు. ఆట రోజు అన్నమాట. ఆ పేరు పెట్టినవాడు ఎన్నడూ దిగి ఉండడు.

ఓదెలు ముప్పై ఒక్క ఏళ్లలో ఒకే ఒక్క ఆదివారం నాగా పెట్టాడు, తమ్ముడి పెళ్లికని. ఆ రోజు బదులుగా దిగినవాడు కునుకు తీశాడు. పంపు ఆగింది. మూడు గంటల్లో నీళ్లు సంపు దాటి కింది దారిలోకి వెళ్లాయి. సెలవు రోజు మరమ్మతుకని దిగి, అక్కడ కప్పు కింద కర్రలు నిలబెడుతున్న కొమురయ్య అనే మనిషి పైకి రాలేదు. విచారణలో ఓదెలు తప్పేమీ లేదని తేలింది. ఆయనకు మాత్రం తేలలేదు. ఆ తరవాత ఆయన ఏ ఆదివారమూ ఇంట్లో లేడు.

అలాంటి మనిషి చేతికి, గుండెను నడిపించే మందు అని చెప్పి ఒక మాత్రను ఇచ్చి, వారానికి రెండు రోజులు ఆపమన్నారు. మొదటి రెండు నెలలు ఆపాడు, ఆ పైన ఆపలేకపోయాడు. మూర్ఖత్వం అనవచ్చు మీరు. నాలుగు రోజులు ఆ అర మీద, ఆ బిళ్ల పక్కన ఉన్న నేను ఆ మాట అనలేను.

చాయ్ తాగిన పావుగంటకు ఆయన నన్ను నాలుక మీద పెట్టుకుని రెండు గుక్కల నీళ్లతో మింగాడు.

మింగడంతో మందు పని ముగిసిందనుకుంటారు మనుషులు. ఆ పైన జరిగేదంతా చీకట్లో జరుగుతుంది కనుక దాన్ని నమ్మకానికి వదిలేస్తారు. ఆ చీకటిని నేను చూశాను. అక్కడ నమ్మవలసినది ఏదీ లేదు, లెక్క తప్ప.

పొట్టలో నా పిండి ఒళ్లు పది నిమిషాల్లో విచ్చిపోయింది. అంతవరకు నేను ఒక్కదాన్ని. అప్పటి నుంచి సుమారు రెండు వేల కోట్ల కోట్ల అణువులను. అలవాటు కొద్దీ ఏకవచనమే వాడుతున్నాను, మన్నించాలి. అక్కడి నుంచి చిన్నపేగులోకి జారాను. పేగు గోడ దాటితేనే రక్తం. దాటినదాన్ని పట్టుకుని మళ్లీ పేగులోకి తోసే కాపలా ప్రొటీన్లు ఆ గోడ కణాల్లో ఉంటాయి. నాలో నాలుగో వంతును అవి రానివ్వలేదు. ఆ భాగం రక్తం ముఖం చూడకుండానే పేగు దారిన వెళ్లిపోయింది. ఇది నష్టం కాదు. నన్ను తయారుచేసినవాళ్లు ఆ నాలుగో వంతును లెక్కలో ముందే రాసుకున్నారు.

మిగిలిన నేను కాలేయానికి చేరాను. పేగుల నుంచి వచ్చే రక్తం మరెక్కడికీ పోకుండా ముందు అక్కడికే పోవాలి. అదొక తనిఖీ కేంద్రం. ఓదెలు మోకాళ్ల నొప్పికి నాతోపాటు మింగిన పారాసిటమాల్ నా పక్కనే ఉంది. కాలేయం దాన్ని పట్టుకుని, దానికొక తోక తగిలించి, పని చెయ్యని పదార్థంగా మార్చేసింది. సాయంత్రానికి దాని జాడ దాదాపు ఉండదు. నన్ను మాత్రం అటూ ఇటూ చూసి పొమ్మంది. నా నిర్మాణం దానికి కొరుకుడుపడదు. నన్ను సాగనంపే బాధ్యత ఇంచుమించు పూర్తిగా మూత్రపిండాలది. ఒక్క అవయవాన్నే నమ్ముకున్న మందును నేను. ఈ మాట గుర్తుంచుకోండి.

మందు నేరుగా రోగమున్న చోటికే పోతుందని మీలో చాలామంది అనుకుంటారు. నాకు గుండె ఎక్కడుందో తెలియదు. నాకు దారి తెలియదు, దయ తెలియదు. రక్తం ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోయాను. తొడల కండరాల్లోకి, పంపు చక్రాలు తిప్పి గట్టిపడిన ఆ పాత భుజాల్లోకి, కంటి వెనకటి తెరలోకి, మెదడులో ఓకారం పుట్టించే ఒక చిన్న మూలకి. కొంత చెవి లోపలికీ చేరింది. ఆ తరవాతి మాటలు నేను ఎలా విన్నానని ఎవరైనా అడిగితే, ప్రస్తుతానికి నా దగ్గరున్న సమాధానం అదే. మధ్యాహ్నానికల్లా నేను ఒళ్లంతా సర్దుకున్నాను. రక్తంలో మిగిలింది నూటికి ఒక వంతు కూడా లేదు. డాక్టర్లు సూదితో తీసి కొలిచేది ఆ ఒక్క వంతునే. దాన్నిబట్టే మిగతాదాన్ని ఊహిస్తారు.

గుండెకు చేరిన భాగం గురించి చెప్పాలి. ప్రతి గుండె కణం గోడలోనూ సోడియాన్ని బయటికి తోసే అతి సూక్ష్మమైన పంపులుంటాయి. నేను చేసేదల్లా వాటిలో కొన్నింటిని పట్టుకుని ఆపడం. అప్పుడు కణంలో సోడియం కొంచెం నిలుస్తుంది. దాని వెంట కాల్షియం కొంచెం నిలుస్తుంది. దానితో కండరం కాస్త గట్టిగా బిగుసుకుంటుంది. ఇంకోపక్క గుండెకు వచ్చే ఆజ్ఞల వేగం తగ్గి పరుగు నెమ్మదిస్తుంది. ఇదే నా వైద్యం. ఓదెలు నన్ను పంపు అనుకుని మింగాడు. నేను పంపులను ఆపేదాన్ని.

నేను చేరేసరికి అక్కడ చోటు నిండి ఉంది. శనివారం మాత్ర అణువులున్నాయి. శుక్రవారంవి, గురువారంవి ఉన్నాయి. అంతకు ముందటి అట్టల్లోనివి కూడా ఉన్నాయి. ఖాళీగా ఉండవలసిన పంపుల మీద అవి కూర్చుని ఉన్నాయి. డాక్టరు గీత కొట్టిన ఆ రెండు రోజులు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె తన సెలవులను రాయలేదు. మేము బయటికి పోవడానికి వ్యవధి రాసింది.

దానికి తోడు మూత్రపిండాలు. వయసులో ఉన్న మంచి మూత్రపిండాలైతే ఒంట్లో ఉన్న నన్ను రోజుకు మూడో వంతు బయటికి పంపుతాయి. ఏళ్ల తరబడి పట్టించుకోని రక్తపోటు ఓదెలు మూత్రపిండాల్లో వడపోతలను చాలావరకు పూడ్చేసింది. పైగా కిందటి వారం రెండు రోజులు విరేచనాలై ఆయన ఒంట్లో నీరు తగ్గింది. ఇప్పుడవి రోజుకు ఆరో వంతు పంపితే గొప్ప. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. సోమవారం ఇంకో మాత్ర వచ్చింది. మంగళవారం మరొకటి.

మంగళవారం మధ్యాహ్నం ఆయన అన్నం కంచాన్ని పక్కకు జరిపాడు. అప్పటికి మూడు రోజులుగా అదే వరస. గనిలో ఆయనతో పాటు గాలి ఫ్యాను నడిపిన సదయ్య చూడటానికి వచ్చి గడపలోంచే అందుకున్నాడు.

"ఏందే ఓదెలన్నా, వదినె వంట మీద సమ్మె కట్టినవట? నోటీసు ఇచ్చినవా? నోటీసు లేని సమ్మె చెల్లదు మరి."

"నోట్లె పెడితే ఓకారమస్తాందిరా. పరాచికాలు కాదు. బల్బు సుట్టు పసుపు గుండ్రం కనవడుతాంది. నీ తెల్లంగి సుత పచ్చగున్నది."

"నా అంగి తెల్లగున్నదన్నోనివి నువ్వొక్కనివే." సదయ్య నవ్వబోయి ఆగాడు. ఓదెలు ముఖం చూశాడు. "పసిరికలే అన్నా, కామెర్లంటరే అవి. ఏరు అవతలి ఊళ్లె ఒకాయన పసరు పోస్తడు. మూడు ఐతారాలు తాగితే మాయం."

సారక్క లేచి వచ్చి, భర్త గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. "కండ్లు పాల లెక్క తెల్లగున్నయి. పసిరికలైతే ఈయన కండ్లు పచ్చగ కావాలె గని, నీ అంగి పచ్చగైతదా సదన్నా?"

సదయ్య తన చొక్కా వైపు చూసుకున్నాడు.

నేను వచ్చిన ఆ వారంలో ఆ ఇంట్లో నడిచిన వైద్యపు మాటలన్నింటిలో అంత కచ్చితమైన పరిశీలన నేను వినలేదు. ఓదెలు కంటి తెరలో ఉన్నది నేనే. ఆ పసుపు నాదే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.

ఓదెలు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇది పసిరికలు కాదు, ఏం కాదు. గుండె బలం తగ్గుతాంది. ఒక్క గోలి సాలుతలేదు. రేపటి సంది పొద్దుగాల ఒకటి, పొద్దుమీకి ఒకటి ఏస్తా." మెల్లగా లేచి వెళ్లి, అట్టలోంచి రెండు మాత్రలు నొక్కి తీసి, ఇత్తడి బిళ్ల పక్కన రెంటినీ వరసగా పెట్టాడు. సంపులో నీళ్లు పెరిగితే రెండో పంపును సిద్ధం చేసుకున్నట్టు.

ఆ రెండు మాత్రలే ఆయన చావు. అప్పటికి ఆయన గుండె నిమిషానికి నలభై రెండుసార్లు కొట్టుకుంటోంది. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పిపోతోంది. ఆ తప్పిన దెబ్బల నిశ్శబ్దంలో మేమంతా ఉన్నాం.

బుధవారం పొద్దున్న ఆయన లేచి అర దగ్గరికి వెళ్తే మాత్రలు లేవు. సారక్క చీర కొంగు చివర ముడి ఉంది.

"గోలీలేవే?"

"నా కాడున్నయి. ఆటో పిలిచిన. దవాఖానకు పోదాం."

"ముందు గోలి ఇయ్యి. ఏసుకుని వస్త. నాగా పడుతది."

"పడనియ్." ఆమె గొంతు పెరగలేదు. "ఆ గోలి మొదలుపెట్టినంక రెండు నెలలు మంచిగున్నవు. ఐతారాలు సుత ఏసుడు షురూ చేసినంకనే ఇట్లయితాంది. నాకు చదువు రాదు గని, ఏది ముందు, ఏది ఎనుక అనేది ఎర్కే."

గుమ్మం దాటేలోపే ఆయన కళ్లు తిరిగి పడిపోయాడు. ఆటో డ్రైవరు, సారక్క కలిసి ఎత్తి కూర్చోబెట్టారు.

దవాఖానలో ఛాతీకి తీగలు అంటించారు. కాగితం మీద గీతలు గీసుకుంటూ యంత్రం కదిలింది. దాన్ని చూస్తూ డాక్టర్ నస్రీన్ అడిగింది: "గోలీ ఎట్లా వేసుకుంటున్నారు పెద్దాయనా?"

"దినాం మేడం. ఒక్క నాగా లేదు."

"శని, ఆదివారాలు?"

"అవి మీ సెలవులని..."

ఆమె నవ్వలేదు. సారక్క మధ్యలో కలుగజేసుకుని, కళ్లు తెల్లగానే ఉన్నా ఎదుటివాళ్ల బట్టలు పసుపుగా కనిపిస్తున్న సంగతి చెప్పింది. డాక్టరు చేతిలో కాగితం కిందికి దిగింది. "అమ్మా, ఆ మాట ఇంకోసారి చెప్పు."

సారక్క చెప్పింది. చెప్పి, కొంగు ముడి విప్పి, రెండు మాత్రలు, వాటితోపాటు తెచ్చిన అట్ట బల్ల మీద పెట్టింది. "ఇయ్యాల రెండు ఏసుకుంటనన్నడు. ఇయ్యలె."

డాక్టరు ఆ రెండు మాత్రలను పక్కకు జరిపి నర్సును పిలిచింది. ఆ తరవాత చకచకా పనులు జరిగాయి. నాడి పెంచడానికి సూది, రక్తపరీక్షలు, సెలైను, మంచం పక్కన కూత పెట్టే యంత్రం. పరీక్షల కాగితం వచ్చాక ఆమె స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. బయట ఆ రోజూ నలభై మంది ఉన్నారు.

"మందు ఒంట్లో పేరుకుపోయింది పెద్దాయనా. అది మీ గుండెను ఆపబోయింది."

ఓదెలు నమ్మలేదు. "గుండె నడవడానికే గద మేడం గోలి? ఒకటికి అంత నడిస్తే, ఎక్కువైతే ఎక్కువ నడవాలె గద?"

"మీరు ఏం పని చేసేవారు?"

"పంపు. మూడో గనిల, కింది సంపు కాడ."

"సంపులోకి నీళ్లు ఎంత వస్తున్నాయో, పంపు ఎంత తోడుతోందో, రెండూ చూసుకునేవారు కదా?"

"గంటగంటకు గోడ మీద సుద్దగీత పెడుతుంటిమి."

"మీ ఒంట్లో తోడే పంపు కిడ్నీ. మీరు రోజూ వేసుకున్న గోలీ..." ఆమె సరైన మాట కోసం ఆగింది.

ఆమెకంటే ముందు ఆయనకు దొరికింది. ఆయన కళ్లు కప్పు వైపు తిరిగాయి. అటే చూస్తూ అన్నాడు: "గోలి నీళ్లన్నట్టు."

"అవును."

"నేను పంపనుకున్న."

మంచం పక్కన యంత్రం ఎడంఎడంగా కూత పెడుతోంది.

"నా పంపు ఎంత గుంజుతాంది మేడం?"

"రోజుకు మూడో వంతు గుంజాలి. మీది ఆరో వంతు గుంజుతోంది."

"వాషర్లు అరిగినయి." ఆయన వేళ్లు దుప్పటి మీద ఏదో లెక్క కట్టాయి. "రెండు దినాలు నీళ్లు బందు పెట్టుమన్నరు మీరు. సంపు దిగనియ్యాలని. నేను ఆ రెండు దినాలు సుత వదిలిన."

"అప్పుడే ఈ మాట నేను చెప్పి ఉండాల్సింది." డాక్టరు తల వంచుకుని అంది. "గీత కొట్టి ఊరుకున్నాను. తప్పు నాది కూడా."

"దీనికి విరుగుడు లేదా?" అని అడిగింది సారక్క.

"ఒక సూది ఉందమ్మా. ఈ ఊళ్లో దొరకదు. పెద్ద పట్నానికి పంపుదామంటే దారిలో గుండె ఆగితే చూసేవాళ్లుండరు. మందు లోపలికి రావడం ఆపేశాం. పోవాల్సింది కిడ్నీ నుంచే. అంతవరకు గుండె తట్టుకోవాలి."

అలా నా ప్రయాణంలో చివరి మజిలీ మొదలైంది. దాన్ని నేను వర్ణించగలను గాని తొందరపెట్టలేను. కండరాల్లో దాగిన అణువులు ఒక్కొక్కటిగా రక్తంలోకి వచ్చాయి. రక్తం వాటిని మూత్రపిండాలకు మోసుకెళ్లింది. అక్కడి సన్నని జల్లెడల్లో, పూడిపోగా మిగిలిన వాటి గుండా, నేను బొట్లుబొట్లుగా జారాను. గురువారం ఆయన గుండె రెండుసార్లు మూడేసి క్షణాలు ఆగింది. రెండుసార్లూ నస్రీన్ పరుగున వచ్చింది. సారక్క మంచం కమ్మీని పట్టుకుని నిలబడింది, దేవుణ్ణి తలుచుకుంటూ. ఆ మొక్కు నాకు చేరిందని అబద్ధం చెప్పను. నేను లెక్క ప్రకారమే వెళ్తున్నాను. అయినా ఆమె అక్కడ నిలబడటాన్ని నేను చిన్నచూపు చూడను. మాత్రలను కొంగున కట్టిన చెయ్యి, మంచం కమ్మీ పట్టుకున్న చెయ్యి ఒకటే.

మూత్రం కొలవడానికి మంచానికి ఒక సంచి వేలాడదీశారు. దాని మీద కొలత గీతలున్నాయి. ఓదెలు నర్సును అడిగి ఒక పెన్ను, కాగితం తెప్పించుకున్నాడు. గంటగంటకు తల తిప్పి చూసి మట్టం రాసుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు భూమి కింద గోడ మీద పెట్టిన గీతలే ఇప్పుడు కాగితం మీద పెట్టాడు. ఆయన రాసిన అంకెల్లో నేను ఉన్నాను. అంతకు ముందు ఎవరి రాతలోనూ నేను అంత సరిగ్గా లేను.

శుక్రవారం నాడి నలభై ఎనిమిది. శనివారం యాభై ఆరు. ఆ సాయంత్రం ఆయన సారక్క వైపు చూసి, "నీ చీర నీలమా?" అని అడిగాడు. "మూడు దినాల సంది ఇదే గద," అని ఆమె ముఖం తిప్పుకుంది.

ఆదివారం పొద్దున్న సదయ్య వచ్చాడు. చేతిలో అరటిపళ్లు. నిజంగానే తెల్లగా ఉన్న అంగీ వేసుకొచ్చాడు. ఓదెలు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఏడు గంటలైంది. ఆయన కుడిచెయ్యి తనంతట తాను మంచం పక్కనున్న బల్ల మీదికి పోయి, ఏదో వెతికి, ఖాళీగా ఆగింది. సదయ్య అది చూశాడు.

"ఏందన్నా, ఐతారం ఇట్ల కాళ్లు సాపుకుని కూసున్నవు? డ్యూటీ లేదా ఇయ్యాల?"

గనిలో పంపు మనిషి పని గురించి ఒక సంగతి చెప్పడం మరిచాను. పంపు నడుస్తున్నంతసేపూ అతను చేసేది ఏమీ ఉండదు. పక్కన కూర్చుని దాని చప్పుడు వింటాడు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు చూసి సోమరి అనుకునేవారు. ఆ కూర్చోవడమే అతని పని అని తెలియడానికి వాళ్లకు కొన్నేళ్లు పట్టేది.

ఓదెలు చేతిని వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు.

"పంపు నడుస్తాందిరా," అన్నాడు. "మనిషి కూసోవాలె."

నేను ఇప్పటికి నాలుగింట మూడు వంతులు బయటపడ్డాను. మురుగుకాలువ గుండా, దవాఖాన వెనకటి గుంట గుండా, ఏదో ఒక వానకు గోదావరి వైపు. అక్కడ నన్ను ఎవరూ కొలవలేరు. అంత నీటిలో నేను మందునూ కాను, విషాన్నీ కాను. మిగిలిన నాలుగో వంతు ఇంకా ఆ పాత భుజాల్లో, ఆ గుండె గోడల్లో ఉంది. అది రేపు కొంత, ఎల్లుండి కొంత వెళ్తుంది. ఆయన తల వంచి, కళ్లు మూసుకుని, తన లోపలి చప్పుడు వింటున్నాడు.